మా అమ్మాయి కొలతలకు మీరట్‌లో బ్యాట్ చేయించాం: నా అనుభవం

మా అమ్మాయికి పదిహేనేళ్లు, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. విజయవాడలో తోలు బంతితో సాధన మొదలుపెట్టి రెండేళ్లు దాటినా, 2025 ఆగస్టు దాకా ఆమె ఆడింది మా అక్క కొడుకు వాడి వదిలేసిన పెద్దల బ్యాట్‌తోనే. గ్రిప్‌తో, అంటే హ్యాండిల్ మీది రబ్బరు తొడుగుతో కలిపి దాని బరువు 1,190 గ్రాములు. ఆగస్టు మొదటి వారంలో కోచ్ గారు నన్ను పక్కకు పిలిచి, అమ్మాయి కట్ షాట్‌కు ప్రతిసారీ ఆలస్యమవుతోందనీ, చూపులో గానీ కాళ్ల కదలికలో గానీ లోపం లేదనీ, బ్యాట్ మార్చి చూడమనీ చెప్పారు. ఊళ్లో దుకాణాలన్నీ తిరిగితే చిన్నపిల్లల సైజులు, పెద్దల సైజులు కావలసినన్ని కనిపించాయి. ఆ రెంటికీ మధ్యదైన హ్యారో సైజు ఒకటి రెండు చోట్ల దొరికింది కానీ హ్యాండిల్ ఆమె గుప్పిటకు లావు. ఒక దుకాణదారు రెండు గ్రిప్పులు తీసేసి ఒకటే వేసి ఇస్తానన్నాడు. అది లావు తగ్గించే మార్గమే అయినా బ్యాట్ తూకం ఎలా మారుతుందో అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. కొలతలిచ్చి చేయించుకోవాలన్న ఆలోచన అక్కడ పుట్టింది.

మా అమ్మాయితో కలిసి ఆడే మరో పిల్ల తండ్రి మీరట్‌లోని ఒక చిన్న కార్ఖానా నంబరు ఇచ్చారు. పెద్ద కంపెనీలకు ఏళ్ల తరబడి బ్యాట్లు చెక్కిన మనిషి ఇప్పుడు ఇద్దరు పనివాళ్లతో సొంతంగా నడుపుతున్నారట. అందరూ ఆయన్ను ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆగస్టు 11న వాట్సాప్‌లో సందేశం పెట్టాను. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. అడ్వాన్సు ఇవ్వక ముందే ఇంత నిర్లక్ష్యమైతే ఇచ్చాక ఎలా ఉంటుందోనని మా ఆవిడ అన్న రోజు సాయంత్రమే ఆయన నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. నేను ఎంత బరువు కావాలో, అంచులు ఎంత మందం ఉండాలో, ఎన్ని గ్రెయిన్లు (చెక్క మీద కనిపించే నిలువు గీతలు) ఉండాలో వరసగా రాసి పంపితే, ఆయన వాటిలో ఒక్కదానికీ జవాబు చెప్పకుండా తిరిగి నన్నే అడిగారు. అమ్మాయి ఎత్తు, మణికట్టు నుంచి నడివేలి కొన దాకా పొడవు, స్టాన్స్‌లో నిలబడినప్పుడు పక్కనుంచి తీసిన వీడియో, ఆడేది మ్యాటింగ్ (పరిచిన చాప) మీదా టర్ఫ్ (గడ్డి పిచ్) మీదా అన్న సంగతి, వీటన్నిటితో పాటు పాత బ్యాట్ ముందుభాగం ఫొటో. తుడవకుండా తీయమని మరీ మరీ చెప్పారు.

ఆ ఫొటో ఎందుకో మాకు అప్పుడు అర్థం కాలేదు. బంతి తగిలిన ఎర్రటి మరకలన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి ఆయన మర్నాడు ఫోన్ చేశారు. మరకలు బ్యాట్ నడుమన గాక బయటి అంచు వైపు జరిగి ఉన్నాయనీ, హ్యాండిల్ లావుగా ఉండటం వల్ల కింది చెయ్యి సరిగా బిగుసుకోక దెబ్బ తగిలే వేళకు బ్యాట్ ముఖం తెరుచుకుంటోందనీ, బరువు తగ్గించినంత మాత్రాన అది పోదనీ అన్నారు. మా అమ్మాయి ఆట ఆయన అప్పటికి ఒక్క బంతి కూడా చూడలేదు. కోచ్ గారికి ఈ మాట చెబితే కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు.

స్వీట్ స్పాట్, అంటే బంతి తగిలితే బాగా ఊపుగా వెళ్లే చోటు, విషయంలో మాత్రం ఇద్దరికీ కుదరలేదు. మా పిల్లల సాధన ఎక్కువగా కొబ్బరి పీచు మ్యాటింగ్ మీద సాగుతుంది, అక్కడ బంతి బాగా లేస్తుంది కాబట్టి బ్యాట్ లావుగా ఉండే ఆ కండ పైకి ఉండాలని కోచ్ గారు అన్నారు. మ్యాచ్‌లు ఆడేది నెమ్మదిగా, కిందగా వచ్చే టర్ఫ్ పిచ్‌ల మీద కాబట్టి కిందికి ఉండాలని ఉస్తాద్ పట్టుపట్టారు. మధ్యలో నేను రాయబారిని. చివరికి మరకల ఫొటోయే తీర్పు చెప్పింది. ఎక్కువ మరకలు టో, అంటే బ్యాట్ అడుగు కొస నుంచి జానెడు ఎత్తులోపే ఉన్నాయి. సరిగ్గా మధ్యకు కాస్త దిగువన అన్న దగ్గర ఇద్దరూ ఆగారు.

మంచి గ్రేడు ఇంగ్లిష్ విల్లో చెక్కతో అయితే 22,000 రూపాయలని చెప్పి 5,000 అడ్వాన్సు అడిగారు. వీలుంటే స్వయంగా రమ్మన్నారు. చెక్కేటప్పుడు ఆడే మనిషి ఎదురుగా ఉంటే ఫోన్లో వంద మాటలు తప్పుతాయన్నది ఆయన వాదన. దసరా సెలవుల్లో వస్తామని చెప్పి ఆగస్టు 20న డబ్బు పంపాను. కొందరు రావలసిన పని లేకుండానే చేయించుకుంటారు, అది తప్పు కాదు. కానీ మేం వెళ్లకపోయి ఉంటే తయారయ్యేది వేరే బ్యాట్ అని ఇప్పుడు కచ్చితంగా చెప్పగలను.

సెప్టెంబర్ చివరి వారంలో తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ చేరి, మెట్రోలో న్యూ అశోక్‌నగర్ దాకా వెళ్లి, అక్కడ నమో భారత్ రైలెక్కి మీరట్ సౌత్‌లో దిగాం. ఊళ్లోకి మళ్లీ ఆటో. సూరజ్‌కుండ్ రోడ్డు పొడవునా క్రీడా సామగ్రి దుకాణాలే. మా కార్ఖానా ఆ రోడ్డు మీద కాదు, దాని వెనక సందులో, బయట బోర్డు కూడా లేని ఒక రేకుల షెడ్డు.

లోపల క్లెఫ్టులు, అంటే విల్లో మొద్దును నిలువునా చీల్చిన పేళ్లు, గోడవారగా అడ్డదిడ్డంగా గాలి ఆడేలా పేర్చి ఉన్నాయి. ఎండేటప్పుడు పగుళ్లివ్వకుండా కొనలకు మైనం పూసి ఉంది. ఉస్తాద్ వాటిలోంచి అయిదారు తీసి నేల మీద పరిచి, మా అమ్మాయిని ఒక్కొక్కటీ ఎత్తి చూడమన్నారు. చూడటానికి అన్నీ ఒకటే కొలత. ఎత్తితే ఒకదానికీ ఇంకొకదానికీ చాలా తేడా ఉంది. నా కన్ను సహజంగానే పది గ్రెయిన్లు తిన్నగా, దారాలు పరిచినట్టున్న తెల్లటి పేడు మీద పడింది. ఆయన దాన్ని ఎత్తి కాటాలో పెట్టి, దీంతో మీరడిగిన బరువు రావాలంటే వెనక వైపు కండంతా చెక్కి పారెయ్యాలి, అందం మిగులుతుంది, చెక్క మిగలదు అన్నారు. తర్వాత ఏడు గ్రెయిన్లున్న ఇంకో పేడు చేతికిచ్చారు. ఒక అంచున చెట్టు నడిగట్టు తాలూకు గోధుమరంగు పట్టీ నిలువునా ఉంది, మధ్యలో చిన్న చుక్క కూడా. ఆ మచ్చల వల్లే దాని గ్రేడు తగ్గింది తప్ప దెబ్బలో తేడా ఉండదట. అదే పరిమాణంలో ఇది తేలిక. కొయ్య సుత్తితో రెంటినీ కొట్టి చూపించారు. నాకు రెండు శబ్దాలూ ఒకటిగానే వినిపించాయి, మా అమ్మాయికి తేడా తెలిసిందట. గ్రెయిన్లు ఎక్కువుంటే త్వరగా ఆటకొస్తుంది, త్వరగా అరుగుతుంది, తక్కువుంటే కొన్నాళ్లు ఓపిక పట్టాలి అని ఆయన చెప్పారు. ఈ పేడుకు ధర 15,500. ఖరీదైనది అమ్మగలిగి కూడా చవకది చూపించిన మనిషి మీద అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

అయితే మా అమ్మాయి మొహం చిన్నబోయింది. టీవీలో చూసే బ్యాట్లలా అంచులు లావుగా ఉండాలన్నది ఆమె కోరిక. నిబంధనల ప్రకారం 2017 అక్టోబర్ నుంచి బ్యాట్ అంచు 4 సెంటీమీటర్లు, మొత్తం మందం 6.7 సెంటీమీటర్లు మించకూడదు. వెడల్పు 10.8 సెంటీమీటర్ల పరిమితి అంతకు చాలా ముందు నుంచే ఉంది. ఆ 4 సెంటీమీటర్ల అంచే కావాలని ఆమె అడిగింది. ఉస్తాద్ నవ్వకుండా, ఒక కాగితం మీద బ్యాట్ అడ్డకోత బొమ్మ గీసి, అంచు దగ్గర పెంచిన చెక్క వెన్ను (వెనక మధ్యలో ఎత్తుగా ఉండే గట్టు) దగ్గర తగ్గాలి, లేదా బరువు పెరగాలి, ఈ మూడింటిలో నీకు ఏ రెండు కావాలో నువ్వే చెప్పు బేటీ అన్నారు. పావుగంట తర్జనభర్జన జరిగింది. నన్ను జోక్యం చేసుకోనివ్వలేదు. వెన్ను, తేలిక కావాలని ఆమే తేల్చింది. అంచు 34 మిల్లీమీటర్ల దగ్గర స్థిరపడింది.

ఆ మధ్యాహ్నం పేడును బ్యాట్ వెడల్పుకు యంత్రంపై కోసి, ప్రెస్‌లో పెట్టారు. లావాటి ఇనుప రోలరు కింద, చదరపు అంగుళానికి సుమారు 2,000 పౌన్ల ఒత్తిడితో ముఖభాగాన్ని నొక్కుతారు. పని మొత్తం కొద్ది నిమిషాలే. కానీ ఆయన ఆ రోజు అతి జాగ్రత్తగా, మాటలు ఆపేసి చేసిన పని అదొక్కటే. మెత్తగా వదిలితే బంతి దెబ్బకు గుంటలు పడుతుంది, ఎక్కువ నొక్కితే చెక్క మొద్దుబారి బంతిని వెనక్కి తన్నదు. ఒకసారి నొక్కి, గోటితో గీరి చూసి, మళ్లీ ఒకసారి నొక్కారు. తర్వాత హ్యాండిల్. పేము బద్దలను మధ్య మధ్య పలచని రబ్బరు పట్టీలతో అతికించిన దిమ్మెను లేతు మీద తిప్పి గుండ్రం చేసి, అడుగున కోసుగా కోసి, బ్యాట్ భుజాల మధ్య అదే ఆకారంలో తీసిన గాడిలోకి జిగురు పూసి దిగ్గొట్టారు. పాత బ్యాట్ హ్యాండిల్ చుట్టుకొలతను దారంతో కొలిచి పంపి ఉన్నాం కనుక, కింది చేతి చోట దానికంటే సన్నగా, గుండ్రంగా గాక కోడిగుడ్డు వాలుగా చేశారు. జిగురు ఆరాలి, రేపు రండి అని పంపేశారు. అందుకే వెళ్లేవాళ్లు కనీసం రెండు పగళ్లు ఉండేలా వెళ్లాలి.

రెండో రోజు ఉదయం తొమ్మిదికి వెళితే హ్యాండిల్ తగిలించిన దుంగ కాటా మీద కిలోన్నర దాటి చూపించింది. అందులోంచి దాదాపు అరకిలో చెక్క తీయాలి. ఉస్తాద్ నేల మీద కూర్చుని, రెండు వైపులా పిడులున్న పొడవాటి కత్తిని తన వైపు లాగుతూ ఉంటే చెక్క పొరలు చుట్టలు చుట్టుకుంటూ రాలాయి. ముందు వెన్ను గీత, తర్వాత భుజాలు, ఆ తర్వాత వెనక రెండు పక్కలా లోతు. టో వైపు వచ్చేసరికి కత్తి పక్కన పెట్టి చిత్రిక పట్టారు. అక్కడ తీసే కొంచెమే చేతికి తెలిసేది అన్నారు. బ్యాట్ చివర ఉన్న పది గ్రాములు హ్యాండిల్ దగ్గరున్న ముప్ఫై గ్రాముల కంటే ఎక్కువ బరువనిపిస్తాయి కాబట్టి, ఏ గ్రాము ఎక్కడ ఉందన్నదే చూసుకోవాలట. మధ్య మధ్యలో లేచి, మా అమ్మాయి చేతిలో పెట్టి కట్, పుల్, డ్రైవ్ ఆడి చూపించమనేవారు. బంతి లేదు, బౌలర్ లేడు, ఇరుకు షెడ్డులో ఆమె గాలిలో షాట్లు ఆడుతుంటే పక్క సందు పిల్లలు గుమిగూడారు. మొదట సిగ్గుపడింది, తర్వాత వాళ్లను మరిచిపోయింది.

నేను మాత్రం కాటా వదల్లేదు. ఎంతకొచ్చింది, ఎంతకొచ్చింది అని అడుగుతుంటే ఆయనకు విసుగొచ్చింది కాబోలు, గోడకున్న ఒక తయారైన బ్యాట్ తీసి, మా బ్యాట్ హ్యాండిల్ మీదికి ఒక గ్రిప్ ఎక్కించి, మా అమ్మాయిని కళ్లు మూసుకోమని రెండూ ఒకదాని తర్వాత ఒకటి చేతికిచ్చారు. ఏది తేలిక అంటే మాదే అంది. కాటా మీద పెడితే గోడ బ్యాట్ 1,080, మాది 1,125. ఆ తర్వాత నేను అంకెలు అడగలేదు. చివరికి ఇసుక కాగితం పట్టే ముందు గ్రిప్ లేకుండా 1,065 గ్రాముల దగ్గర ఆగారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి: బరువు చెప్పినప్పుడు గ్రిప్‌తోనా, గ్రిప్ లేకుండానా అని తప్పక అడగండి. ఒక్క గ్రిప్పే యాభై గ్రాముల దాకా తూగుతుంది, టో గార్డు, ముందువైపు అతికించే పారదర్శకపు పొర ఇంకొంత కలుపుతాయి. నాకు తెలిసిన ఒకాయన ఈ లెక్క తేలక కార్ఖానావాళ్లతో నెల రోజులు తగాదా పడ్డారు.

బయలుదేరబోతుంటే పనివాడొకడు స్టిక్కర్ల కట్ట తెచ్చాడు. ఏ పెద్ద కంపెనీ పేరు కావాలన్నా అతికిస్తామన్నాడు, అదనపు ధర లేదు. మా అమ్మాయి వద్దంది. ఏమీ లేకుండా తెల్లగా ఉంచమంది. ఉస్తాద్‌కు అది నచ్చిందో లేదో తెలియదు గానీ, గోధుమరంగు పట్టీ కనిపించేలా వదిలేస్తున్నావు కదా, ఎవరైనా రెండో రకం చెక్క అంటారు, పట్టించుకోకు అని ఆమెకు చెప్పారు. నిజంగానే తర్వాత ఇద్దరు ముగ్గురు అన్నారు.

నునుపు పట్టడం, హ్యాండిల్‌కు దారం చుట్టడం, మొదటి నూనె పూత మిగిలాయి. పది రోజుల్లో పంపిస్తామన్నారు. ఆ పది రోజులు ఇరవై అయిదయ్యాయి. మొదట వానలకు దారం మీది జిగురు ఆరలేదన్నారు, తర్వాత పనివాళ్లు దీపావళికి ఊళ్లకు వెళ్లారు. అక్టోబర్ 9, 12 తేదీల్లో విశాఖలో జరిగిన మహిళల ప్రపంచ కప్ మ్యాచ్‌లు టీవీలో చూస్తూ, స్కోరు కంటే బ్యాట్ల భుజాలు, అంచులే ఎక్కువ చూశాం. 9న దక్షిణాఫ్రికా మీద మన జట్టు బ్యాటర్ రిచా ఘోష్ 94 పరుగులు చేస్తుంటే మా అమ్మాయి ఆమె బ్యాట్ టో ఎంత చెక్కారో చూడమని నన్ను లేపింది. మిగతా డబ్బు ముందే ఇచ్చేసి ఉంటే ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టేది కాదు. నేను సగమే ఇచ్చి, మిగతాది పార్సిల్ ఫొటో పంపాక ఇస్తానన్నాను, ఆయన మారు మాట్లాడలేదు.

అక్టోబర్ 27న కొరియర్ వచ్చింది. ఛార్జీ 780 రూపాయలు. బరువుకు గాక పెట్టె పొడవుకు లెక్కగడతారని అప్పుడే తెలిసింది. అట్ట ఒక మూల చిరిగింది, లోపల టో చుట్టూ దళసరిగా గుడ్డ చుట్టి ఉండటంతో బ్యాట్‌కు ఏమీ కాలేదు. వంటింటి కాటా మీద పెడితే ఆయన చెప్పిన దానికంటే పన్నెండు గ్రాములు ఎక్కువ. ఫోన్ చేస్తే, నూనె తాగింది, మీ ఊరి గాలిలో తేమ కూడా తాగుతుంది, ఎండల్లో మళ్లీ దిగుతుంది అన్నారు.

తర్వాతి మూడు వారాలు ఎవరూ ముందుగా చెప్పని ఘట్టం. ఉడకబెట్టని అవిసె నూనెను గుడ్డతో పలచగా ముఖానికీ, అంచులకూ, టోకూ పట్టించి, హ్యాండిల్ దిగిన చోటు తాకకుండా, బ్యాట్‌ను ఒక రోజంతా పడుకోబెట్టి ఉంచాలి. నిలబెడితే నూనె టోలోకి దిగి అదే బరువెక్కుతుంది. రెండు మూడు పలచని పూతలు చాలు. ఆపైన కొయ్య సుత్తితో కొట్టడం. ముఖం మీద మెల్లగా మొదలుపెట్టి, రోజురోజుకూ బలం పెంచుతూ, అంచులను నేరుగా కొట్టకుండా ఏటవాలుగా కొట్టి గుండ్రం చేస్తూ, మొత్తం ఆరు గంటల దాకా కొట్టాలని ఉస్తాద్ మాట. దుకాణంలో 600 ఇస్తే యంత్రంతో కొట్టిస్తారు, అంచులు యంత్రానికి అందవని ఆయన వద్దన్నారు. మాది అపార్ట్‌మెంటు. రెండో సాయంత్రమే కింది అంతస్తు ఆంటీ గారు వచ్చి, ఇంట్లో ఏమైనా పగలగొడుతున్నారా అని మర్యాదగా అడిగారు. అక్కడి నుంచి మా పని డాబా మీదికి మారింది, అది కూడా రాత్రి ఎనిమిది లోపే. నవంబర్ 2న మన కడప అమ్మాయి శ్రీచరణి ఆడిన ప్రపంచ కప్ ఫైనల్ అర్ధరాత్రి దాకా సాగింది. ఆ రాత్రి మాత్రం మా అమ్మాయి టీవీ ముందే కూర్చుని సుత్తి కొడుతూనే ఉంది, ఎవరూ ఏమీ అనలేదు.

నవంబర్ మూడో వారంలో పాత బంతితో నెట్స్‌కు తీసుకెళ్లాం. మూడో రోజున బయటి అంచు దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు రెండు కనిపించాయి. నా గుండె జారిపోయింది. ఫొటో పంపితే పది నిమిషాల్లో వాయిస్ మెసేజ్: చెక్క ఆడటం మొదలుపెడితే పైపొర ఇలాగే విచ్చుకుంటుంది, గోరు దిగేంత లోతు లేదు కాబట్టి జిగురు చుక్క వేసి ఫైబర్ టేపు చుట్టండి, ఆట ఆపకండి. అలాగే చేశాం. కట్ షాట్ మాటకొస్తే, కోచ్ గారు ఇంకా పూర్తిగా సరిపోలేదంటున్నారు, ఆలస్యం సగానికి తగ్గిందని మాత్రం ఒప్పుకున్నారు. మా అమ్మాయి అదనంగా వేసిన రెండో గ్రిప్పును తనే తీసేసి, మళ్లీ సగం దాకా వేసుకుంది.

ఖర్చు లెక్క అడిగేవాళ్ల కోసం: బ్యాట్ 15,500. ఇద్దరికీ రాను పోను రైలు టికెట్లు 8,400, రెండు రాత్రుల గది 3,200, ఆటోలు, తిండి 2,000 పైచిలుకు, కొరియర్, సుత్తి, నూనె, టేపు, పొర కలిపి 1,700 దాకా. అంటే బ్యాట్‌కు ఎంతయ్యిందో దాని చుట్టూ దాదాపు అంతే అయింది. ఆరు నెలలాడాక ఒకసారి వెనక్కి పంపితే దారం మార్చి, అంచులు సరిచేసి, ముఖం మళ్లీ నునుపు పట్టి ఇస్తానని ఉస్తాద్ చెప్పారు. చేతి పనికి డబ్బు అక్కర్లేదట, కొరియర్ రెండు వైపులా మాదే. మే నెలలో మా తోడల్లుడు ఢిల్లీ వెళ్తున్నారు, ఆయన చేత పంపించాలని చూస్తున్నాం.